డాక్టర్ సలహా: గర్భసంచిలో ‘రెండు క్యాన్సర్లు’ అన్నారు... ఎల్లుండే ఆపరేషన్ చేయించేయాలా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది ఆదోని. మా అత్తకి 64 ఏళ్లు. నెలసరి ఆగిపోయి పదిహేనేళ్లు దాటింది. సంక్రాంతి ముందు నుంచి అప్పుడప్పుడూ ఎర్రమరక కనిపిస్తోందట, సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదు. బట్టలు ఉతికేటప్పుడు నేను చూసి అడిగితే బయటపడింది. ఆర్‌ఎంపీ ఇచ్చిన మాత్రలతో తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చింది. ఇక్కడ నర్సింగ్‌హోమ్‌లో స్కాన్ తీసి, డీ అండ్ సీ (గర్భసంచి లోపలి పొర గీకి తీయడం) చేసి, ముక్క పరీక్షకి పంపితే ‘కార్సినోసార్కోమా’ అని వచ్చింది. ఒకే గడ్డలో రెండు క్యాన్సర్లు ఉన్నాయని, ఎల్లుండి గర్భసంచి తీసేస్తామని, అడ్మిట్ కమ్మని అంటున్నారు. ఆమెకి పన్నెండేళ్ల కిందట రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయింది, తర్వాత ఐదేళ్లు మాత్రలు వాడింది. అదే ఇప్పుడు కిందికి పాకిందా? పోయిన ఏడాది క్యాంపులో పాప్ స్మియర్ చేసి ఏమీ లేదన్నారే! కత్తి పెడితే ఇంకా పాకుతుందని బంధువులు భయపెడుతున్నారు. ఎన్నాళ్లు ఉంటుందో అడగమని మా ఆయన అన్నాడు. ఆమెకి ఇంకా ఏమీ చెప్పలేదు.
– ఒక కోడలు, ఆదోని

జవాబు: అమ్మా, ముందు ఎల్లుండి సంగతి తేల్చేద్దాం. ఎల్లుండి అడ్మిట్ చేయకండి. ఆపరేషన్ తప్పకుండా కావాలి, ఈ జబ్బుకి మొదటి వైద్యం అదే, కానీ అది ఈ నర్సింగ్‌హోమ్‌లో ఒక పూటలో ముగించే పని కాదు. మన జిల్లాల్లో గర్భసంచి తీయించుకోవడం ఎంత మామూలైపోయిందంటే (దేశంలో ఈ ఆపరేషన్ ఎక్కువగా జరిగే రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ముందు వరసలోనే ఉంటుంది, అదో పెద్ద కథ, ఇంకోసారి రాస్తాను) క్యాన్సర్ అని తెలిశాక కూడా అదే పద్ధతిలో ‘తీసి పారేస్తే పోలా’ అనుకుంటారు. ఆ తర్వాత మా దగ్గరికి సగం ఆపరేషన్‌తో వస్తారు. అండాశయాలు వదిలేసి ఉంటారు, లింఫ్ గ్రంథులు చూసి ఉండరు, ఛాతీ స్కాన్ తీసి ఉండరు. జబ్బు ఏ స్టేజీలో ఉందో చెప్పడానికి మాకు ఆధారమే మిగలదు. మళ్లీ పొట్ట కోయాల్సి వస్తుంది, కోయలేని పరిస్థితీ ఉంటుంది.

ఇక రెండు క్యాన్సర్ల మాట. మన ఒంట్లో కణజాలాలు రకరకాలు. లోపలి గోడలకి పూత వేసినట్టు ఉండే పొర ఒకటి, దాని కింద కండ, నారలాంటి పదార్థం ఇంకొకటి. పొరలో పుట్టే క్యాన్సర్‌ని కార్సినోమా అంటాం, కండలోనో ఎముకలోనో పుట్టేదాన్ని సార్కోమా అంటాం. మీ అత్తగారి ముక్కని మైక్రోస్కోపు కింద పెడితే రెండూ పక్కపక్కనే కనిపించాయి, అందుకే ఆ జోడు పేరు. ఒకప్పుడు రెండు వేరువేరు గడ్డలు పుట్టి కలిసిపోయాయేమో అనుకునేవాళ్లు. జన్యువులు పరీక్షించి చూశాక ఎక్కువ కేసుల్లో మూలం ఒకటేనని తేలింది. మొదట పుట్టింది కార్సినోమానే, అందులో కొన్ని కణాలు తీరు మార్చుకుని సార్కోమాలా తయారవుతాయి. తోలుబొమ్మలాట చూశారు కదా, తెర మీద రాముడూ రావణుడూ ఎదురెదురుగా నిలబడి కొట్టుకుంటున్నా వెనక ఆడించే మనిషి ఒకడే, ఇదీ అలాంటిదే. కాబట్టి రెండు జబ్బులకి రెండు వైద్యాలు అక్కర్లేదు. గర్భసంచి పొర క్యాన్సర్లలో బాగా దూకుడుగా ఉండే రకంగా లెక్కగట్టి వైద్యం చేస్తాం.

పాత పుస్తకాల్లో, కొన్ని ల్యాబుల రిపోర్టుల్లో దీన్నే ‘మాలిగ్నెంట్ మిక్స్‌డ్ మ్యూలేరియన్ ట్యూమర్’ అని రాస్తారు, కంగారుపడకండి, అదీ ఇదీ ఒకటే. మ్యూలర్ అనే జర్మన్ ఆయన 1830లో పిండంలోని రెండు నాళాల గురించి వివరంగా రాశాడు, ఆడపిల్లకి ట్యూబులు, గర్భసంచి, దాని ముఖద్వారం, యోని పైభాగం అన్నీ ఆ నాళాల నుంచే తయారవుతాయి. అందుకే ఈ గడ్డ గర్భసంచిలోనే ఎక్కువగా వచ్చినా అండాశయంలో, ట్యూబులో, అరుదుగా ముఖద్వారంలో కూడా కనిపిస్తుంది. రిపోర్టులో ‘హెటిరోలోగస్’ అనే మాట ఉందేమో చూడండి. గర్భసంచిలో మామూలుగా ఉండని మృదులాస్థి, ఎముక, చేతులూ కాళ్ల కండ లాంటి కణాలు గడ్డలో కనిపిస్తే అలా రాస్తారు. దాన్ని చూసి ‘ఎముకల్లోకి పాకిందట’ అని ఇంట్లో ఏడుపులు మొదలుపెట్టినవాళ్లు నాకు తెలుసు. పాకిందా లేదా అనేది స్కాన్ చెప్పాలి, ఆ మాట చెప్పదు.

ఎంత అరుదంటే, గర్భసంచి క్యాన్సర్లు వంద ఉంటే అందులో ఇవి ఐదు కూడా ఉండవు. కానీ ఆ క్యాన్సర్లతో చనిపోయేవాళ్లలో దీని వాటా అంతకు మూడింతలు దాకా ఉంటుంది. ఈ మాట మిమ్మల్ని భయపెట్టడానికి చెప్పలేదు, ‘మా ఊళ్లో ఫలానా ఆమెకి గర్భసంచి క్యాన్సరొచ్చి ఆపరేషన్‌తోనే బాగైపోయింది’ అని ఎవరో ఒకరు చెప్తారు, ఆ లెక్క ఇక్కడ పనికిరాదు.

రొమ్ము క్యాన్సర్ పాకిందా అన్నారు. రిపోర్టు ఇలా ఉందంటే ఇది కొత్తగా గర్భసంచిలో పుట్టిందే. అయితే సంబంధం అసలు లేదని కూడా అనను. ఐదేళ్లు వాడిన మాత్ర బహుశా టామోక్సిఫెన్ అయి ఉంటుంది, పాత చీటీల్లో చూడండి. అది రొమ్ములో హార్మోన్‌ని అడ్డుకుంటుంది గానీ గర్భసంచి పొర మీద కొంచెం హార్మోన్‌లాగే పనిచేస్తుంది. అందుకని ఆ మాత్ర వాడిన పెద్ద వయసు ఆడవాళ్లలో ఏళ్ల తర్వాత కొద్దిమందికి గర్భసంచి క్యాన్సర్ వస్తుంది, అందులోనూ ఈ రకం ఇంకా అరుదు. ఇది చదివి ఇప్పుడు ఆ మాత్ర వేసుకుంటున్నవాళ్లు ఎవరూ మానేయకండి దయచేసి, రొమ్ము క్యాన్సర్ తిరగబెట్టకుండా అది చేసే మేలు చాలా పెద్దది. మరక కనిపిస్తే మాత్రం ఆ రోజే డాక్టర్‌కి చెప్పాలి, అంతే. ఎప్పుడో పొత్తికడుపుకి కరెంటు (రేడియేషన్) పెట్టించుకున్నవాళ్లలో, ఊబకాయం ఉన్నవాళ్లలో, పిల్లలు కలగనివాళ్లలో కూడా ఈ ముప్పు కొంచెం ఎక్కువ.

పాప్ స్మియర్ తప్పు చెప్పలేదు. అది ముఖద్వారం దగ్గర కణాలు గీకి చూసే పరీక్ష, లోపల గదిలో ఏముందో దానికి తెలియదు. క్యాంపుల్లో ఈ విషయం ఒక్క ముక్క చెప్పి పంపితే బాగుండేది, ‘నార్మల్’ అనే కాగితం చేతిలో పెట్టుకుని ఆడవాళ్లు ఏడాది పాటు ధీమాగా ఉండిపోతారు.

ఆర్‌ఎంపీ మీద కోపం తెచ్చుకుని ఇప్పుడు లాభం లేదు గానీ, ఇది చదివే మిగతావాళ్ల కోసం రాస్తున్నాను. ముట్లుడిగి ఏడాది దాటాక ఒక్క చుక్క కనిపించినా స్కాన్ తీయాలి. లోపలి పొర 4 మిల్లీమీటర్ల కన్నా మందంగా ఉన్నా, పల్చగానే ఉండి మరక మళ్లీ మళ్లీ వస్తున్నా, ముక్క తీసి పరీక్ష చేయాలి. ఇలా మరక కనిపించినవాళ్లలో పదిమందికి సుమారు ఒకరిలోనే క్యాన్సర్ బయటపడుతుంది, కానీ ఆ ఒక్కరు ఎవరో మాత్ర వేసి కనుక్కోలేం. రక్తం ఆగే మాత్రతో మరక తగ్గుతుంది, లోపల గడ్డ దాని పని అది చేసుకుంటూ పోతుంది.

ఇప్పుడు మీరు చేయాల్సింది. ఆ ల్యాబుకి వెళ్లి గాజు స్లైడ్లు, ‘బ్లాక్’ అడిగి తీసుకోండి. బ్లాక్ అంటే అగ్గిపెట్టె కన్నా చిన్న ప్లాస్టిక్ పెట్టె, మీద నంబరు రాసి ఉంటుంది, అందులో తెల్లటి మైనం, ఆ మైనం మధ్యలో గోధుమరంగు మరకలాగా మీ అత్తగారి ముక్క. చూడ్డానికి ఏమీ ఉండదు, కానీ మొత్తం వైద్యం దాని మీదే నడుస్తుంది. ఇంత అరుదైన రిపోర్టుని క్యాన్సర్ ఆస్పత్రిలోని పాథాలజిస్టు ఒకసారి మళ్లీ చూసి తీరాలి, ఎంఎంఆర్ (జన్యువుల్లో తప్పులు సరిదిద్దే ప్రోటీన్లు సరిగా ఉన్నాయా అని చూసేది), హెర్-2 (కణాల్ని పెరగమని తోసే ఒక ప్రోటీన్ ఎక్కువగా ఉందా అని చూసేది) లాంటి పరీక్షలు కూడా ఆ ముక్క మీదే చేస్తాం. మన ఎండల్లో దాన్ని కారు అద్దం దగ్గర పెట్టకండి, మైనం కరిగిపోతుంది. చేతిసంచిలో నీడపట్టున తెండి.

మీకు దగ్గర్లో కర్నూలు మెడికల్ కాలేజీ ఆవరణలో స్టేట్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ ఉంది, ముందు అక్కడ చూపించండి. లేదంటే తిరుపతి స్విమ్స్, హైదరాబాద్ ఎంఎన్‌జే, బెంగళూరు కిద్వాయ్. ఆదోని వాళ్లకి రైలెక్కి బెంగళూరు పోవడం అలవాటే, అయితే రాష్ట్రం దాటితే ఎన్‌టీఆర్ వైద్య సేవ (పాత ఆరోగ్యశ్రీయే) అక్కడ చెల్లుతుందో లేదో ముందే కనుక్కోండి, క్యాన్సర్ ఆపరేషన్, కీమో, కరెంటు అన్నీ ఆ పథకంలో ఉన్నాయి కాబట్టి చేతి డబ్బు ఊరికే పోగొట్టుకోకండి. ఛాతీకి, పొట్టకి సీటీ స్కాన్ తీస్తారు, ఈ గడ్డ ఊపిరితిత్తుల మీదికి పోయే రకం. వీటికి వారం పది రోజులు పట్టినా నష్టం లేదు. రెండు నెలలు పడితే నష్టమే.

ఆపరేషన్‌లో గర్భసంచి, ముఖద్వారం, రెండు ట్యూబులు, రెండు అండాశయాలు తీస్తారు, పేగుల మీద దుప్పటిలా కప్పుకుని ఉండే కొవ్వు పొర నుంచి, లింఫ్ గ్రంథుల నుంచి కూడా తీసి పరీక్షిస్తారు. గర్భసంచిని లోపల ముక్కలు చేయకుండా నిండుగా బయటికి తీయాలి, ఈ ఒక్క విషయంలో మీ బంధువుల భయంలో కాస్త నిజం ఉంది, గడ్డని పొట్టలో కోసి ముక్కలు చేస్తే కణాలు చెల్లాచెదురవుతాయి. పద్ధతిగా చేసే కత్తితో పాకదు. కత్తి పెట్టకుండా వదిలేస్తే తప్పకుండా పాకుతుంది. తీసిన గర్భసంచి మొత్తం చూశాక రిపోర్టు కొంచెం మారినా ఆశ్చర్యపోకండి, డీ అండ్ సీలో వచ్చేది గడ్డలో ఒక చిన్న భాగమే.

తర్వాత కీమో ఉంటుంది. మొదటి స్టేజీ అయినా ఎక్కువమందికి ఇస్తాం. పాక్లిటాక్సెల్, కార్బోప్లాటిన్ అనే రెండు మందులు, మూడు వారాలకొకసారి, మామూలుగా ఆరు విడతలు. జుట్టు ఊడుతుంది, మళ్లీ వస్తుంది. అరికాళ్లు తిమ్మిర్లెక్కుతాయి. కీమో నడుస్తున్న రోజుల్లో జ్వరం 100.4 దాటితే మాత్రం పారాసెటమాల్ వేసి తెల్లారేదాకా చూద్దాం అనుకోకండి, రాత్రి పన్నెండైనా సరే ఆస్పత్రికి తీసుకుపోండి. కొందరికి కరెంటు కూడా పెడతారు, పొత్తికడుపులో జబ్బు తిరగబెట్టకుండా అది ఉపయోగపడుతుంది.

మీ ఆయన ప్రశ్నకి ఇప్పుడే జవాబు లేదు, స్టేజీ తెలియాలి. గర్భసంచి దాటకముందే దొరికినవాళ్లలో సుమారు సగం మంది, కొన్నిచోట్ల ఇంకొంచెం ఎక్కువ మంది, ఐదేళ్లు దాటి ఉంటున్నారు. ఊపిరితిత్తులకో పొట్టంతటికో పాకి ఉంటే ఆ సంఖ్య బాగా పడిపోతుంది. తిరగబెడితే ఎక్కువగా మొదటి రెండేళ్లలోనే, అందుకే మూడు నెలలకొకసారి రమ్మంటాం.

ఆమెకి చెప్పండమ్మా. ఒకసారి క్యాన్సర్ చూసిన మనిషి ఆవిడ, కీమో వార్డు గడప దాటగానే తెలిసిపోతుంది. పత్తికొండ వైపు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ నాతో అంది, ‘నా కొడుకు నన్నడక్కుండానే బీగంచెవులు (తాళంచెవులు) కోడలికిచ్చినాడు సామీ, అప్పుడే తెలిసింది నాకు’ అని. ఇంట్లో అందరూ గుసగుసలాడుతుంటే ఆమె వారం రోజులు ఒక్కతే కుమిలిపోయింది. అంకెలు, శాతాలు చెప్పక్కర్లేదు. గర్భసంచిలో గడ్డ ఉంది, అది చెడ్డదే, ఆపరేషన్ చేయించి మందులు పెట్టిస్తాం అని ఆమె కొడుకు పక్కన కూర్చుని చెబితే చాలు.

ఇంకొకటి. మీరు ‘మా అత్త’ అని రాశారు. మీది మేనరికమా? ఆవిడ మీకు మేనత్త కూడా అయితే ఓపీలో ఆ మాట తప్పకుండా చెప్పండి. ఇది మామూలుగా వంశపారంపర్యంగా వచ్చే జబ్బు కాదు, కానీ ఎంఎంఆర్ పరీక్షలో తేడా వస్తే రక్తసంబంధం ఉన్నవాళ్లందరినీ, అంటే మీ ఆయన్నీ, ఆడబిడ్డల్నీ, మేనరికమైతే మిమ్మల్నీ పిలిచి మాట్లాడాల్సి ఉంటుంది. వచ్చేటప్పుడు బ్లాక్, స్లైడ్లు, స్కాన్ ఫిల్ములతో పాటు ఆ పన్నెండేళ్ల నాటి రొమ్ము ఆపరేషన్ కాగితాలు కూడా తెండి, బీరువాలో పాత చీరల అడుగున ఎక్కడో ఉంటాయి, ఆవిడనే అడగండి.