టెంపరింగ్ అయ్యాక ఫర్నేస్‌లోనే వదిలేయకు

చిన్నారీ,

ఆటోనగర్‌లో హీట్ ట్రీట్‌మెంట్ షాపులో చేరావని మీ నాన్న చెప్పాడు. సంతోషం. స్టీల్ ప్లాంటు, షిప్‌యార్డు, రిఫైనరీ ఉన్న మన ఊళ్లో ఈ పని తెలిసినవాళ్లకు తిండికి లోటుండదు. నేను దెబ్బ తిని నేర్చుకున్న సంగతి ఒకటుంది, చెబుతాను.

నా కుర్రతనంలో ఒక షాపులో నికెల్-క్రోమియం ఉక్కు షాఫ్ట్ టెంపరింగ్ (గట్టిపరిచిన ఉక్కు పెళుసు తగ్గడానికి మళ్లీ వేడిచేయడం) ముగిసేసరికి శనివారం రాత్రయింది. ఫర్నేస్ ఆపేసి, షాఫ్ట్‌ని లోపలే వదిలేసి ఇళ్లకు పోయాం. సోమవారం హార్డ్‌నెస్ చూస్తే సరిగ్గానే ఉంది, పంపేశాం. బిగించేటప్పుడు సుత్తి దెబ్బకే రెండు ముక్కలైంది. విరిగిన చోటంతా పటికబెల్లంలా గింజలు గింజలుగా మెరుపు!

పాకం కుదరని బూందీ లడ్డూ చూశావుగా? చితికితే బూందీ బూందీగా విడిపోతుంది, గింజ మాత్రం పగలదు. ఉక్కులో గ్రెయిన్లూ, అంటే అందులోని సన్నటి స్ఫటిక రేణువులూ అంతే. రెండు గ్రెయిన్లు కలిసే హద్దులో పరమాణువుల వరస కాస్త వదులు. లోపల ఇమడని ఫాస్ఫరస్, తగరం, యాంటిమొనీ పరమాణువులు అక్కడికి చేరి ఆ పట్టు సడలిస్తాయి. ఉక్కు మొత్తంలో ఫాస్ఫరస్ 0.02 శాతమే ఉన్నా, హద్దులో వంద రెట్లకు పైగా పేరుకోవచ్చు.

బాగా వేడిగా ఉంటే అవి చెదిరిపోతాయి, చల్లబడితే కదల్లేవు. దాదాపు 375 నుంచి 575 డిగ్రీల మధ్యే ప్రమాదం. అక్కడ చేరాలన్న లాగుడూ ఉంటుంది, నడిచే ఓపికా ఉంటుంది. మా షాఫ్ట్ ఆ మెట్టు మీదే గంటల తరబడి కూర్చుంది. అందుకని టెంపరింగ్ అవగానే బయటికి తీసి నూనెలోనో నీళ్లలోనో త్వరగా చల్లార్చు. పొరపాటు జరిగినా టెన్షన్ పడకు. మళ్లీ 600 దాటించి త్వరగా చల్లారిస్తే గుణం తిరిగొస్తుంది. కాకపోతే పాత టెంపరింగ్ వేడిని మించితే హార్డ్‌నెస్ పడిపోతుంది, చూసుకో.

లావు షాఫ్ట్ నడిమధ్య ఎంత చేసినా త్వరగా చల్లారదు. అలాంటివాటికి కొనేటప్పుడే ఫాస్ఫరస్, తగరం తక్కువున్న ఉక్కు, అర శాతం దాకా మాలిబ్డినం ఉన్నది అడగాలి. తుక్కు కరిగించిన ఉక్కయితే తగరం లెక్క తప్పక చూడు.

హార్డ్‌నెస్ ఒక్కటే నమ్మకు. ఈ పెళుసు జబ్బు (టెంపర్ ఎంబ్రిటిల్‌మెంట్ అంటారు) అందులో కనబడదు, గాటు పెట్టిన ముక్కను లోలకంతో కొట్టి విరిచే చార్పీ పరీక్షలోనే బయటపడుతుంది. అదీ మన విశాఖ ఎండలో 35 డిగ్రీల దగ్గర చేస్తే మోసపోతావు. సున్నా దగ్గరా, ఇంకా కిందా కొట్టించు.

హద్దుకు చేరే ప్రతిదీ చెడ్డది కాదులే. బోరాన్ 0.001 నుంచి 0.003 శాతం ఉంటే చాలు, అది హద్దులో కూర్చుని క్వెంచింగ్‌లో, అంటే ఎర్రగా కాల్చి ఒక్కసారిగా చల్లార్చేటప్పుడు, ఉక్కు లోతుగా గట్టిపడేలా చేస్తుంది.

ఏదైనా విరిగితే ఆ ముఖాన్ని వేలితో తాకకు, రెండు ముక్కల్నీ కలిపి చూడకు. మెరిసిందల్లా ఈ జబ్బే కాదు, గ్రెయిన్ మధ్యగా చీలినా మెరుస్తుంది. తేల్చేది ఎలక్ట్రాన్ మైక్రోస్కోపే. మన సముద్రపు గాలికి ఒక్క పూటలో తుప్పు పడుతుంది, వెంటనే తేమ పీల్చే సిలికా జెల్‌తో డబ్బాలో మూసెయ్యి. మా షాఫ్ట్ ముక్కను అలా దాచక తుప్పు ముద్ద చేసుకున్నాను.

ఆదివారం భోజనానికి రా. సిలికా జెల్ ప్యాకెట్లు డబ్బాడు పోగేశాను, పట్టుకెళ్దువుగాని.

మీ పెదనాన్న