నచ్చకపోవడం వేరు, పాడైపోవడం వేరు

ప్రశ్న: నమస్తే అక్కా, మాది గాజువాక. సంక్రాంతికి ముందు మా ఆయనకి బోనస్ వచ్చిందని ఇక్కడే ఒక పెద్ద డిస్కౌంట్ షాపుకి వెళ్లాం, ఆ రోజుల్లో ఎలా ఉంటుందో మీకు తెలుసు కదా, ట్రాలీ తిప్పడానికి కూడా సందు లేదు. మా ఆడపడుచుకి ఒక కుర్తీ సెట్టు, రెండు కొంటే ఒకటి ఫ్రీ అని మూడు బెడ్‌షీట్లు, ఒక మిక్సీ, కొన్ని స్టీలు డబ్బాలు, అన్నీ కలిపి 6,840 అయింది. ఇంటికొచ్చి చూస్తే కుర్తీ ఆవిడకి భుజాల దగ్గర పట్టలేదు, బెడ్‌షీట్ల రంగు మా అత్తగారికి నచ్చలేదు, మిక్సీ చట్నీ జారు అడుగు నుంచి నీళ్లు కారుతున్నాయి. పండగ పనుల్లో పడి పన్నెండో రోజు పట్టుకెళ్లాం. అక్కడ కూర్చున్న అబ్బాయి బిల్లు తిప్పి చూపించి 7 రోజులే అండి, పైగా ఆఫర్‌లో కొన్నవి వాపసు తీసుకోం అన్నాడు, మిక్సీ మాటేమిటంటే కంపెనీ సర్వీస్ సెంటర్‌కి వెళ్లమన్నాడు. మా ఆయన పోనీలే అని చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చేశారు. నాకు మాత్రం మనసు ఊరుకోవట్లేదు. ఏం చెయ్యమంటారు?
– ఒక పాఠకురాలు, గాజువాక

జవాబు: మిక్సీ విషయంలో మాత్రం పోనీలే అనకండి చెల్లీ. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను, మూడు వేరు వేరు గొడవల్ని మీరు ఒకే సంచిలో పెట్టి తీసుకెళ్లారు, ఆ అబ్బాయి మూడింటికీ కలిపి ఒకే జవాబు చెప్పి పంపించేశాడు, అక్కడ వచ్చింది చిక్కు.

ముందు బెడ్‌షీట్ల సంగతి చూద్దాం. చిరుగు లేదు, మరక లేదు, రంగు నచ్చలేదు అంతే. షాపుకెళ్లి చేత్తో పట్టుకు చూసి కొన్న వస్తువుని నచ్చలేదని తెస్తే వాపసు తీసుకుని తీరాలని మన చట్టం ఎక్కడా షాపువాళ్లని బలవంతపెట్టదు, తీసుకుంటే అది వాళ్లు పెట్టుకున్న పద్ధతి, 7 రోజులని రాసుకుంటే 7 రోజులే. పైగా రెండు కొంటే ఒకటి ఫ్రీ లాంటి వాటిల్లో ఒక్కటే ఇస్తామంటే మామూలుగా ఒప్పుకోరు, మూడూ ఇవ్వమంటారు లేదా ఆఫర్ తీసేసి మళ్లీ లెక్క కడతారు, అప్పుడు చేతికి వచ్చేది పెద్దగా ఏమీ ఉండదు. అవి వాడేసుకోండి, లేదా ఎవరికైనా పెట్టండి.

కుర్తీదీ అదే లెక్క, కానీ ట్యాగ్ తెంపకుండా ఉంటే కొంచెం ఆశ ఉంది. ఆదివారం సాయంత్రం కాకుండా మంగళవారమో బుధవారమో షాపు తెరిచిన వెంటనే వెళ్లి మేనేజర్‌ని కలవండి, డబ్బులు వద్దండి ఇదే రేటులో పెద్ద సైజు ఇస్తే చాలు అని అడగండి. గడువు దాటిన బిల్లుకి కౌంటర్‌లో ఉన్నవాళ్లు తమంతట తాము చేయగలిగింది చాలా చోట్ల ఏమీ ఉండదు, పైవాళ్లు ఒప్పుకోవాలి, అందుకని రోజంతా నిలబడి ఉండే ఆ పిల్లల మీద కోప్పడి లాభం లేదు. ఇస్తే వాళ్ల మంచితనం, ఇవ్వకపోతే వదిలెయ్యండి. ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్తాను, సైజు సరిపోని దానికి మనమే కుట్టు ఊడదీసి డ్యామేజ్ అని చెప్పడం కొంతమంది చేస్తారు, దయచేసి అలా చెయ్యకండి, నిజంగా పాడైన వస్తువు తెచ్చినవాళ్లని కూడా అందరూ అనుమానంగా చూస్తున్నారంటే అందుకే.

ఇక మిక్సీ. ఇది నచ్చకపోవడం కాదు, లోపం ఉన్న వస్తువు. 2020 జూలై 20 నుంచి అమల్లో ఉన్న 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టంలో సెక్షన్ 2(47) చూస్తే, లోపం ఉన్న వస్తువుని వెనక్కి తీసుకుని డబ్బు తిరిగి ఇవ్వనంటే అది అనుచిత వ్యాపార పద్ధతి కిందకి వస్తుందని రాసుంది, బిల్లులో ఎంత గడువు ఇచ్చారో అంత లోపల, బిల్లులో గడువేమీ లేకపోతే 30 రోజుల లోపల. మీ బిల్లులో 7 రోజులని ఉంది కాబట్టి మీకు అడ్డు పడింది అదే అనుకుంటున్నారు, కానీ ఆ 7 రోజులతో అంతా అయిపోలేదు. లోపం ఉన్న వస్తువు అమ్మారని ఫిర్యాదు పెట్టుకునే హక్కు విడిగా ఉంది, దానికి గడువు రెండేళ్లు, లోపం సరిచేయమని గానీ, కొత్తది ఇవ్వమని గానీ, డబ్బు వెనక్కి ఇవ్వమని గానీ ఇలాంటి ఫిర్యాదులు విచారించే వినియోగదారుల కమిషన్ చెప్పగలదు. అమ్మిన వస్తువు తిరిగి తీసుకోబడదు అని గోడకి ఎంత పెద్ద బోర్డు పెట్టినా, ఆఫర్‌లో కొన్నా, లోపం ఉన్న వస్తువు దగ్గర ఈ హక్కు పోదు, ఆఫర్‌లో అమ్మినంత మాత్రాన కారే జారు అమ్మొచ్చని ఎవరూ చెప్పలేదు.

అయితే చూపించడానికి రుజువు కావాలి. జారు అడుగు మీరు విప్పకండి, మీరే పాడుచేశారు అనడానికి అవకాశం ఇచ్చినట్టవుతుంది. ఒక న్యూస్ పేపర్ పరిచి దాని మీద జారు పెట్టి ఒక గ్లాసు నీళ్లు పోసి పది నిమిషాలు వదిలెయ్యండి, జారు ఎత్తితే కాగితం మీద గుండ్రంగా తడి మచ్చ కనపడుతుంది, మొదటినుంచీ అది మొత్తం ఫోన్‌లో వీడియో తీసి పెట్టుకోండి, మిక్సీ కింద ఉండే సీరియల్ నంబరు కూడా అందులో పడేలా చూసుకోండి. సర్వీస్ సెంటర్‌కి వెళ్లడం తప్పేమీ కాదు, వాషర్ మారిస్తే పోయేదైతే మీకూ త్వరగా తేలిపోతుంది, కానీ వాళ్లిచ్చే జాబ్ షీటులో జారు లీకేజీ అని రాయించుకోకుండా మాత్రం రావద్దు.

తర్వాత తెల్ల కాగితం మీద అర పేజీ రాయండి, ఏ తేదీన కొన్నారు, బిల్లు నంబరు, లోపం ఏంటి, మీకేం కావాలి, అంతే. రెండు కాపీలు షాపుకి తీసుకెళ్లి ఒకటి ఇచ్చి రెండో దాని మీద స్టాంపు వేయించుకోండి, వాళ్లు వెయ్యం అంటే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి. అప్పటికీ కదలకపోతే 1915కి ఫోన్ చెయ్యండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు. చాలా గొడవలు ఆ దశలోనే తేలిపోతాయి. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్, 5 లక్షల లోపు వస్తువుకి ఫీజు లేదు, లాయర్ తప్పనిసరి కాదు, ఆ కంపెనీ హెడ్డాఫీసు ముంబైలో ఉన్నా ఢిల్లీలో ఉన్నా మీరు ఉండే విశాఖలోనే ఫిర్యాదు వెయ్యొచ్చు, ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి దగ్గర నుంచి కూడా వేసుకోవచ్చు.

ఈలోగా బిల్లు తీసి ఒకసారి చూడండి. రెండేళ్ల కిందట నేనొక ప్రెషర్ కుక్కర్ కొన్నాను, మూత లాకు పడేది కాదు. బిల్లు పర్సులో ప్లాస్టిక్ అరలో భద్రంగా పెట్టుకున్నాననే అనుకున్నా, నెల తర్వాత తీస్తే షాపు పేరు లీలగా కనిపిస్తోంది తప్ప తేదీ లేదు, రేటు లేదు, తెల్ల కాగితం. ఆ బిల్లులు సిరాతో రాసేవి కావు, వేడికి రంగు మారే కాగితం, ఎండ తగిలినా నూనె చెయ్యి తగిలినా ప్లాస్టిక్‌కి అంటుకుని ఉన్నా వెలిసిపోతాయి, మన విశాఖ ఉక్కపోతలో చెమట చేతుల సంగతి చెప్పక్కర్లేదు. బిల్లింగ్‌లో చెప్పిన ఫోన్ నంబరు పెట్టి వెతికి ఆ షాపువాళ్లు మళ్లీ ప్రింటు ఇచ్చారు కాబట్టి సరిపోయింది, యూపీఐలో కట్టిన వివరం కూడా పనికొచ్చింది. అప్పటినుంచీ కౌంటర్ దగ్గరే నిలబడి ముందూ వెనకా ఫోటో తీశాకే సంచి ఎత్తుతాను, వెనకవైపు ముఖ్యం, గడువు రాసేది అక్కడే.

ప్రశ్న: మిక్సర్ గ్రైండర్ కాదు గానీ నాదీ అలాంటిదే మేడమ్, ఇస్త్రీ పెట్టె వేడెక్కట్లేదని వాపసు ఇస్తే డబ్బు ఇవ్వకుండా 1,150కి క్రెడిట్ నోట్, అంటే ఆ షాపులోనే అంత విలువకి ఇంకేదైనా కొనుక్కునే చీటీ, ఇచ్చారు. మూడు నెలల్లో వాడాలని ఉంది, నేను చూసుకోలేదు, గడువు అయిపోయింది. డబ్బు పోయినట్టేనా?
– ఒక పాఠకుడు, మధురవాడ

జవాబు: పోలేదండి, రాతపూర్వకంగా అడగండి. చొక్కా నచ్చక ఇచ్చుంటే క్రెడిట్ నోట్ షరతులు మీరు ఒప్పుకున్నట్టే అనేవాళ్లు, కానీ వేడెక్కని ఇస్త్రీ పెట్టె లోపం ఉన్న వస్తువు, దానికి చట్టం చెప్పేది డబ్బు తిరిగి ఇవ్వడం గురించి, ఇంకో వస్తువు కొనుక్కోమని కాదు. మీరు ఆ రోజు నోట్ తీసుకున్నారు కాబట్టి వాళ్లు అదే పట్టుకుని వాదిస్తారు, అయినా ముందు గడువు పొడిగించమని అడిగి చూడండి, కాదంటే పైన చెప్పిన 1915 దారే. ఇకమీదట పాడైన వస్తువు ఇస్తున్నప్పుడు ఏ కార్డుతో, ఏ యూపీఐతో కట్టారో అందులోకే వెయ్యమని అప్పుడే చెప్పండి.

ప్రశ్న: మా వీధిలో చిన్న షాపు, ప్లాస్టిక్ బకెట్ కొన్న మర్నాడే పిడి ఊడింది, బిల్లు లేదుగా అంటున్నాడు. బిల్లు ఇవ్వనిది ఆయనే కదా?
– ఒక గృహిణి, కంచరపాలెం

జవాబు: అవునమ్మా, బిల్లు ఇవ్వకపోవడం కూడా పైన మిక్సీ దగ్గర చెప్పిన సెక్షన్ 2(47) కింద అనుచిత వ్యాపార పద్ధతే. జీఎస్టీ ఉన్న షాపు అయితే 200 రూపాయల లోపు వస్తువుకి మీరు అడగకపోతే బిల్లు ఇవ్వక్కర్లేదు, అడిగితే మాత్రం ఇవ్వాలి. మీరు ఫోన్‌పేలో కట్టుంటే ఆ తేదీ, ఆ మొత్తం చూపించి ముందు మంచిగా అడగండి, రోజూ ముఖాలు చూసుకునేవాళ్లు కదా, బకెట్ మార్చి ఇవ్వొచ్చు. ఈసారి ఏం కొన్నా చేత్తో రాసిన చీటీ అయినా అడిగి తీసుకోండి, తేదీ, రేటు, షాపు స్టాంపు ఉండాలి.