ఇంట్లో ఆటలమ్మ: చిన్నదానికి మాత్ర ఎప్పుడు?

తమ్ముడూ, పెద్దాడికి ఆటలమ్మ పోసి ఆరు రోజులైంది, టీకా వేయించని చిన్నదానికి ముందుజాగ్రత్తగా ఎసైక్లోవిర్ (ఈ వైరస్‌ని అణిచే మందు) వేయొచ్చా, ఆలస్యమైపోయిందా అన్నావు కదా. కాలేదు. పైగా మొదటి రోజే వేసేస్తే అంత ఫలితం ఉండదు. వైరస్ ఒంట్లో చేరిన వారం దాటాకే రెండోసారి రక్తంలోకి దిగి చర్మానికి చేరుతుంది. మందు అప్పుడు ఉండాలి. అందుకే అంటిన 7 నుంచి 10వ రోజు లోపు మొదలుపెట్టి 7 రోజులు ఇస్తారు. పొక్కులకి ఒకటి రెండు రోజుల ముందు నుంచే అంటుతుంది కాబట్టి నీ లెక్కలో ఇవాళ ఏడో ఎనిమిదో రోజు. అంటాక వేయించే టీకాకైతే 5 రోజుల గడువు దాటింది.

డోసు మామూలుగా కిలోకి 20 మి.గ్రా., రోజుకి 4 సార్లు. 12 కిలోల పిల్లకి ఒక్కోసారికి 240 మి.గ్రా. కానీ రాజోల్లో మెడికల్ షాపులో అడిగి తెచ్చేయకు. ఆరోగ్యంగా ఉన్న పిల్లలందరికీ రాయరు, అమలాపురం వెళ్ళి పిల్లల డాక్టరుని అడుగు. వేసినా నాలుగు పొక్కులు రావచ్చు. రాకపోతే టీకా సంగతి తర్వాత అడుగు.

అమ్మమ్మగారు వేపమండలు కట్టనీ, మందు వద్దంటే మాత్రం వినకు. జ్వరానికి పారాసెటమాలే, ఆస్పిరిన్ వద్దు.

మీ మరదలు కడుపుతో ఉందని చివర్లో రాశావు, నాకు అసలు కంగారు అదే. తనకి ఇదివరకు పోయకపోతే ఇవాళే లేడీ డాక్టరుకి ఫోన్ చెయ్యి. ఇమ్యునోగ్లోబ్యులిన్ (వైరస్‌ని ఎదిరించే యాంటీబాడీల) ఇంజెక్షన్ వైరస్ సోకే అవకాశం కలిగిన 10 రోజుల లోపే పడాలి.