ఏఐ గురించి ఊళ్లో సభ పెట్టాలంటే

"కృత్రిమ మేధ నియంత్రణలో ప్రజల మాట ఉండాలంటారు. మా వరంగల్ పల్లెల్లో అల్గారిథమ్ పేరే వినని వారిని ఏమని అడగాలి?" అన్నది మీ ప్రశ్న.

అల్గారిథమ్ అంటే కంప్యూటర్ ఒక నిర్ణయాన్ని తేల్చే లెక్కల పద్ధతి. దాని ఊసెత్తకుండానే అడగవచ్చు. ములుగు వైపు ఉపాధి హామీ సామాజిక తనిఖీల్లో కొన్నేళ్లు పనిచేశాను. మేము ఎవరికీ చట్టం పాఠాలు చెప్పలేదు. మస్టరులోని (కూలీల హాజరు పట్టీలోని) పేర్లు, పనిదినాలు, కూలి డబ్బులు గ్రామసభలో గట్టిగా చదివేవాళ్లం, అంతే. "ఆ వారమంతా మా ఆడబిడ్డ కాన్పుకని జనగామలో ఉన్నాను. నా పేరుతో చెరువు పనికి ఎవరొచ్చారు?" అని ఒకావిడ లేచి నిలదీసింది. ఇక ఒక్కొక్కరే లేవడం మొదలైంది.

కంప్యూటర్ తేల్చే అర్హతలకూ ఈ పద్ధతి సరిపోతుంది. మన రాష్ట్రంలో పథకాలకు ఎవరు అర్హులో తేల్చడానికి సమగ్ర వేదిక అనే కంప్యూటర్ వ్యవస్థ వేర్వేరు శాఖల రికార్డులను కలిపి చూస్తుంది. ఎవరిదో కారు భర్త పేరున కనిపించడంతో హైదరాబాద్‌లో ఒక పేద మహిళకు రేషన్ కార్డు దక్కలేదని పత్రికల్లో వచ్చింది. క్షేత్ర పరిశీలన లేకుండానే కార్డులు రద్దు చేశారన్న కేసులో, దాదాపు 19 లక్షల కార్డులను మళ్లీ పరిశీలించమని 2022లో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ కారణాలేవో ముందే వాడలో చదివి ఉంటే "ఆయనకు కారా? సైకిలైనా లేదు" అని పక్కింటివారే తేల్చేవారు. (జబ్బులు, అప్పుల వివరాలు మాత్రం సభలో చదవకూడదు.)

వాళ్లకు అర్థం కాదన్న అనుమానం ఇంకా ఉంటే, 2001లో ఉమ్మడి మెదక్ జిల్లా అల్గోల్ గ్రామంలో జరిగిన 'ప్రజాతీర్పు' గురించి చదవండి. అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ అభివృద్ధి ప్రణాళిక విజన్ 2020 మీద, జన్యుమార్పిడి పంటల మీద తీర్పు చెప్పడానికి సన్నకారు రైతులు కూర్చున్నారు, వారిలో ఎక్కువమంది మహిళలు. అధికారులు, శాస్త్రవేత్తలు, కంపెనీలవారు సాక్షులుగా వచ్చి వాళ్లకు జవాబు చెప్పుకున్నారు. 2023లో ఆంథ్రోపిక్ అనే ఏఐ సంస్థ దాదాపు వెయ్యిమంది అమెరికన్లను ఆన్‌లైన్‌లో అడిగి తన ఏఐ మోడల్‌కు నియమావళి తయారుచేసి చూసింది. మంచి ప్రయత్నమే. కానీ అభిప్రాయం అడగడం వేరు, నిర్ణయాన్ని ఆపే హక్కు ఇవ్వడం వేరు. నాకు రెండోదే ముఖ్యం.

అందుకే సభకు సంతకం పెట్టే అధికారం ఉన్న ఉద్యోగి ఒకరైనా రావాలి. ఎవరూ రామంటే వాయిదా వేయండి, ఉత్త చేతులతో ఊరిని కూర్చోబెట్టకండి. చాటింపు ముందురోజే వేయించండి. పత్తి ఏరే రోజుల్లో పగటిపూట పెడితే మాత్రం కుర్చీలే మిగులుతాయి.