పాఠకుల ప్రశ్నలు: టీవీలో బొమ్మ ఆగిపోతే ఎవరిని అడగాలి?

ప్రశ్న: మాది డిజిటల్ కేబుల్ కనెక్షన్. నెల తిరిగేసరికి ఆపరేటరు మనిషి వచ్చి డబ్బు తీసుకుపోతాడు. కానీ నాలుగు చినుకులు పడితే చాలు, బొమ్మ గళ్ళు గళ్ళుగా విరిగిపోయి, మాట తెగిపోయి, చివరకు తెర మీద 'నో సిగ్నల్' అన్న అక్షరాలే మిగులుతాయి. ఫోన్ చేస్తే "మెయిన్ లైన్ ప్రాబ్లం అమ్మా, సాయంత్రానికి వచ్చేస్తుంది" అంటారు. మొన్నటి వానలకు వరుసగా ఐదు రోజులు ఏమీ రాలేదు. ఆ రోజులకు డబ్బు తగ్గించమంటే అలాంటి రూలే లేదన్నారు. నిజంగా లేదా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ఉంది. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2017లో తెచ్చిన సేవా నాణ్యత, వినియోగదారుల రక్షణ నిబంధనల ప్రకారం, సిగ్నల్ అసలే రావడం లేదన్న ఫిర్యాదును 24 గంటల్లోగా, బొమ్మ విరిగిపోవడం వంటి మిగతా ఫిర్యాదులను 72 గంటల్లోగా పరిష్కరించాలి. బిల్లుకు సంబంధించినవైతే 7 రోజులు గడువు. ప్రసారం ఏకధాటిగా 72 గంటలకు మించి ఆగిపోతే ఆ మేరకు చందా తగ్గించాలి. మీకు ఐదు రోజులు ఆగింది కాబట్టి అడిగే హక్కు మీకు ఉంది.

చిక్కు ఎక్కడుందంటే, ఈ గంటల లెక్క మొదలయ్యేది ఫిర్యాదు అందినప్పటి నుంచి. మీరు ఆపరేటరుకు ఫోన్ చేసి చెప్పిన మాట ఎక్కడా నమోదు కాలేదు కనుక, కాగితం మీద మీ ఇంట్లో ఆ ఐదు రోజులూ టీవీ నిక్షేపంగా పనిచేసినట్టే లెక్క. కేబుల్ వ్యవస్థలో రెండు అంచెలుంటాయి. ఛానళ్ళను ఉపగ్రహం నుంచి దించుకుని, హెడ్‌ఎండ్ అనే తన కేంద్రంలో కలిపి పంపేది ఎం.ఎస్.ఓ. అనే పెద్ద సంస్థ. ఆ తీగను మీ వీధిలోకి తెచ్చి, డబ్బు వసూలు చేసేది స్థానిక ఆపరేటరు. ఫిర్యాదు ఆ పెద్ద సంస్థ టోల్‌ఫ్రీ నంబరులో నమోదు కావాలి. అక్కడ తెలుగులో మాట్లాడవచ్చు. మాట్లాడిన తరువాత డాకెట్ నంబరు, అంటే ఫిర్యాదు నమోదు సంఖ్య, అడిగి రాసుకోండి. ఆ అంకెలు లేని ఫిర్యాదు, మా దృష్టిలో, పక్కింటివారికి చెప్పుకున్న గోడుతో సమానం. ఆపరేటరుకు కూడా చెప్పండి, ఎందుకంటే నిచ్చెన వేసుకుని స్తంభం ఎక్కేది ఆయన మనిషే.

ఇక వానకూ బొమ్మకూ సంబంధం ఏమిటన్నది. పాత అనలాగ్ కేబుల్‌లో సిగ్నల్ బలహీనపడితే తెర మీద చుక్కలు కురిసేవి, అయినా సీరియల్ అర్థమయ్యేది. డిజిటల్‌లో అలా కాదు. సిగ్నల్ ఒక హద్దు దాకా తగ్గినా బొమ్మ అద్దంలా ఉంటుంది, ఆ హద్దు దాటిన మరుక్షణం ముక్కలైపోతుంది. స్తంభం మీది జాయింటులో గానీ, తీగను ఇళ్ళకు పంచే ట్యాప్‌లో గానీ నీరు దిగితే జరిగేది ఇదే. ఒక పని చేయండి. బొమ్మ విరిగినప్పుడు రిమోట్ తీసుకుని పది, పదిహేను ఛానళ్ళు తిప్పి చూడండి. ఒక్కో ఫ్రీక్వెన్సీ మీద డజనుకు పైగా ఛానళ్ళు కలిసి వస్తాయి కనుక, కొన్ని ఛానళ్ళు గుంపుగా విరుగుతూ మిగతావి బాగుంటే లోపం చాలావరకు తీగలోనో జాయింటులోనో ఉంటుంది. అన్నీ పోయి, పక్కింట్లో కూడా పోతే సిగ్నల్ బలం పెంచే వీధి యాంప్లిఫయరు గానీ, దానికి అందే కరెంటు గానీ కారణం. మీ ఇంట్లోనే పోతే ముందుగా బాక్సు వెనుక పిన్నును, రెండో టీవీ కోసం తీగను చీల్చేందుకు పెట్టిన స్ప్లిటరును చూడాలి. ఫిర్యాదులో ఈ వివరం చెబితే, వచ్చిన కుర్రవాడు బాక్సు ఒకసారి ఆపి, మళ్ళీ వేసి, "వచ్చేసింది కదండీ" అని వెళ్ళిపోయే అవకాశం తగ్గుతుంది.

ప్రశ్న: డబ్బు కట్టినా ఒకటి రెండు ఛానళ్ళు మాత్రం రావడం లేదు. సబ్‌స్క్రైబ్ చేసుకోలేదని తెర మీద వస్తోంది.
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: మీరు ఊరికి వెళ్ళి కొన్నాళ్ళు బాక్సు ఆపి ఉంచితే, ఆ సమయంలో పంపిన అనుమతి దానికి చేరి ఉండదు. బాక్సును ఆ ఛానల్ మీదే ఉంచి, రిఫ్రెష్ కొట్టమని, అంటే ఆ అనుమతిని మళ్ళీ పంపమని, కేబుల్ సంస్థను అడగండి. అది కాకపోతే ప్రసార సంస్థకూ కేబుల్ సంస్థకూ ధర దగ్గర పేచీ వచ్చి ఉండవచ్చు. 2023 ఫిబ్రవరిలో కొత్త ఒప్పందాల మీద సంతకం చేయని కేబుల్ సంస్థలకు పెద్ద ప్రసార సంస్థలు కొన్ని రోజులు సిగ్నల్ నిలిపివేశాయి. 2019 నుంచి ఛానల్ వారీగా, ప్యాకేజీల వారీగా ఎంచుకుని కడుతున్నాము కాబట్టి, రాని ఛానల్ ధరను చందాలోంచి తీసివేయమని అడగండి.

ప్రశ్న: విద్యుత్ శాఖ కేబుల్ తీగలు కత్తిరించింది కనుక బాధ్యత మాది కాదని ఆపరేటరు అంటున్నారు. ట్రాయ్‌కు రాసినా పరిష్కారం రాలేదు. ఇంకెవరికి చెప్పుకోవాలి?
– ఒక పాఠకుడు, హైదరాబాదు

జవాబు: 2025 ఆగస్టులో రామంతాపూర్‌లో కృష్ణాష్టమి శోభాయాత్ర రథం దగ్గర కరెంటు షాక్ తగిలి పలువురు మరణించిన తరువాత, నగరంలో స్తంభాల మీది కేబుళ్ళను తొలగించిన సంగతి తెలిసిందే. మనుషుల ప్రాణాల ముందు టీవీ పెద్ద విషయం కాదు. అయితే తీగ ఎవరు కోసినా, అందని సేవకు పూర్తి నెల చందా అడగడం మాత్రం న్యాయం కాదు.

ట్రాయ్ నిబంధనలు చేస్తుందే గాని ఒక్కొక్కరి తగాదాను విచారించి తీర్పు చెప్పదు. టెలికాం తగాదాల ట్రైబ్యునల్ టీడీశాట్ కూడా వ్యక్తిగత వినియోగదారుల ఫిర్యాదులకు వేదిక కాదు. డాకెట్ నంబరుతో పని జరగకపోతే కేబుల్ సంస్థలో ఫిర్యాదులు చూసే నోడల్ అధికారికి రాయండి. తరువాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. అప్పటికీ తేలకపోతే మీరు నివసించే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లో 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద ఫిర్యాదు చేయవచ్చు. ఈ-జాగృతి పోర్టల్ ద్వారా ఇంటి నుంచి కూడా దాఖలు చేయవచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షల రూపాయల లోపు ఉంటే రుసుము లేదు, న్యాయవాది తప్పనిసరి కాదు, రెండేళ్ళలోగా వేయాలి. కొన్ని రోజుల చందా కోసం అంత దూరం వెళ్ళాలా అన్నది మీ ఓపికను బట్టి ఉంటుంది. 1915కు మాత్రం తప్పక చేయమంటాము.

ఏ మెట్టు ఎక్కినా చూపించడానికి ఏదో ఒకటి ఉండాలి. చేతికి నగదు ఇచ్చి రశీదు తీసుకోకపోవడం మన ఇళ్ళలో మామూలైపోయింది. ఇకమీదట రశీదు అడగండి, లేదా యూపీఐలో కట్టండి. తెర ఆగినప్పుడు తేదీ కనిపించేలా ఫోన్‌తో వీడియో తీసి ఉంచండి. విసుగెత్తి వేరే సంస్థకు మారదలిస్తే, ఒక సంస్థ సెట్‌టాప్ బాక్సు సాధారణంగా మరో సంస్థ తీగ మీద పనిచేయదని ముందే తెలుసుకోండి. బాక్సు అద్దెది అయితే తిరిగి ఇచ్చేటప్పుడు డిపాజిట్ అడిగి తీసుకోండి.