పడవ అడుగు అంటే లోపలా, బయటా?

సందేహం: మాది కాకినాడ. నాన్నగారి పాత చెక్క బోటును వేట నిషేధం రోజుల్లో ఒడ్డుకు లాగి, లోపల అట్టడుగున నీళ్లు చేరే, ఇంగ్లీషులో ‘బిల్జ్’ అనే భాగాన్ని కడిగించి రంగు వేయించాలి. పనివాళ్ల కోసం ‘నౌకాధోభాగమును పరిశుభ్రపరచి వర్ణలేపనము చేయవలెను’ అని రాసిచ్చాను. మేస్త్రీ చదివి పక్కన పెట్టేశారు. ‘పడవ అడుగు’ అని రాస్తే సరిపోతుందా? రంగు వేయాలా, పూయాలా, కొట్టాలా? ఏది ఒప్పు?

సమాధానం: మేస్త్రీగారు పక్కన పెట్టడంలో తప్పేమీ లేదు. మీ వాక్యంలో వ్యాకరణ దోషం లేదు. కానీ పని ఎక్కడ మొదలుపెట్టాలో, ఏం చేయాలో అందులో ఎక్కడా తెలియదు. ‘అధోభాగం’ తీసేసి ‘అడుగు’ అని పెడితే వాక్యం తేలికవుతుంది గానీ అసలు చిక్కు అలాగే ఉంటుంది.

‘అడుగు’ అనే మాటకు లోపలా బయటా అనే తేడా లేదు. అన్నం అడుగంటింది అంటే గిన్నె లోపల. గిన్నె అడుగు మసిబారింది అంటే బయట. బావి అడుగంటింది అంటే మళ్లీ లోపలే. వంటింట్లో దీనివల్ల ఎవరికీ ఇబ్బంది రాదు. అన్నం గిన్నె బయట అంటుకోదు, పొయ్యి మసి లోపల పట్టదు కాబట్టి అర్థం తనంతట తానే తేలిపోతుంది. పడవ దగ్గర అలా తేలదు. లోపలి అడుగున మురికి ఉంటుంది, బయటి అడుగున మురికి ఉంటుంది, రెండు చోట్లా రంగు వేస్తారు. పైగా ఆ రంగులు ఒకటి కావు. బయట వేసేది నాచు, గుల్లలు పట్టకుండా చేసే విషపు రంగు. అలాంటి రంగుల్లో చాలావాటిలో రాగి ఉంటుంది. లోపల వేసేది డీజిల్, ఇంజన్ ఆయిల్ తగిలినా ఊడిరాని రంగు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం ఉండే ఆ 61 రోజుల్లో ఒకే బోటుకు ఈ రెండు పనులూ జరుగుతుంటాయి. అలాంటప్పుడు కాగితం మీద ఉత్త ‘అడుగు’ అని ఉంటే ఒక డబ్బా బదులు ఇంకో డబ్బా తెరుస్తారు. అందుకే ‘లోపలి అడుగు’ అని విడమరిచి రాయండి.

‘బిల్జ్’ అనే మాటనే ఉంచవచ్చా అంటే, నిక్షేపంగా ఉంచవచ్చు. చుక్కాని అరబ్బీ నుంచి వచ్చింది. లంగరు, సరంగు పారసీకం నుంచి వచ్చాయి. లాంచీ ఇంగ్లీషు నుంచి. రేవులో మాటలు సరుకుతో పాటే దిగుతాయి, ఆ తర్వాత ఊరివే అయిపోతాయి. ఇంగ్లీషులోనూ ఈ మాట ఉబ్బు అనే అర్థమున్న ‘బల్జ్’కు మరో రూపమే కావచ్చంటారు. అంటే వాళ్లు ఉబ్బెత్తుగా ఉన్న ఆకారాన్ని చూసి పేరు పెట్టారు. ఆ దారిలో వెళ్లి ‘పడవ కడుపు’ అందామా అంటే, కడుపు అనగానే మనకు సరుకు నింపే చోటు గుర్తొస్తుంది. అది వేరే భాగం. పనివాళ్లు బిల్జ్ అంటుంటే అలాగే రాయండి, లేదంటే లోపలి అడుగు. కొత్త సంస్కృత సమాసం అక్కర్లేదు.

‘పరిశుభ్రపరచి’ అన్న ఒక్క మాట వెనక మీరు అయిదారు పనులు దాచేశారు. అడుగున చేరే నీళ్లు ఒక రకం కాదు. ఇంజన్ నుంచి పంకాకు వెళ్లే ఇరుసు దగ్గర ఊరేది ఉప్పునీరు, చేపల మీది మంచు కరిగి చేరేది మంచినీరు, పైనుంచి దిగేది వాన. వీటిలో డీజిల్, ఆయిల్ కలిసి అడుగున మడ్డి కడుతుంది. మడ్డి అనే మాట ఇక్కడ ఎంత బాగా అతుకుతుందో చూడండి. నూనె కుండలో అడుగున మిగిలేదాన్నీ మడ్డే అంటాం. ‘మురుగు’ అని రాయకండి, అది కాలవల మాట.

నీళ్లను తోడాలి, మడ్డిని గీకాలి, జిడ్డును సబ్బునీళ్లతో రుద్దాలి, మంచినీళ్లతో కడగాలి, మిగిలిన తడిని తుడవాలి. చెక్కల మధ్య నీరు పంపు దాకా పారడానికి చిన్న కంతలు ఉంటాయి. అవి పూడిపోతే వాటిని పుల్లతో పొడవాలి. ఇన్ని క్రియలు మన భాషలో సిద్ధంగా ఉండగా ‘శుభ్రం చేయండి’ అంటే, కంతల సంగతి ఎవరికీ తట్టదు. అక్కడే నీరు నిలిచి చెక్క పుచ్చుతుంది. చెక్కను పుచ్చబెట్టడంలో ఉప్పునీటికన్నా వాననీటిదే పైచేయి.

తోడడం దగ్గర ఒక జాగ్రత్త. పడవలో నీళ్లు ‘తోడిపోయడం’ మనకు పాత అలవాటు, మాటా పాతదే. కానీ ‘పోయడం’ అందులోనే ఉంది కనుక చేతులు వాటంతటవే అంచు మీదుగా బయటికి పోసేస్తాయి. వాననీళ్లయితే ఫరవాలేదు. ఆయిల్ కలిసిన నీళ్లు అలా పోయకూడదు. పెద్ద ఓడలు వదిలే అడుగు నీళ్లలో పది లక్షల పాళ్లకు 15 పాళ్లకు మించి నూనె ఉండకూడదని అంతర్జాతీయ నియమమే ఉంది. మీ కాగితంలో ‘డబ్బాల్లోకి తోడండి’ అని రాయండి.

తర్వాత ఆరబెట్టడం. ‘ఎండబెట్టండి’ అనకండి. ఎండబెట్టడంలో ఎండ ఉంది. లోపలి అడుగుకు ఎండ తగలదు, గాలి తగలాలి. అయినా చెక్క బోటు మరీ ఎండితే పలకల సందులు విచ్చుకుంటాయి.

ఇక మీ రెండో సందేహం. వేయడం, పూయడం, కొట్టడం మూడూ ఒప్పే, మూడింటికీ మూడు చోట్లున్నాయి. ‘రంగు వేయడం’ అన్నిటికీ పనికొస్తుంది. కుంచె ఊపుతూ పెద్ద జాగా మీద చేసేది ‘కొట్టడం’, గోడకు సున్నం కొట్టినట్టు. గంధం, తారు లాంటి చిక్కటిదాన్ని మందంగా పరిస్తే ‘పూయడం’. మీరు అడగని నాలుగోది ఇంకొకటి ఉంది, నాకు ఇక్కడ అన్నిటికన్నా ఇష్టమైనది అదే: ‘పట్టించడం’. తలకు నూనె పట్టిస్తాం, అంటే లోపలికి ఇంకేలా చేస్తాం. చెక్కకు మొదట వేసే పల్చటి ప్రైమర్ చేయాల్సింది సరిగ్గా అదే. పైన పొరలా నిలిస్తే ఆ తర్వాత వేసిన రంగు దాంతో పాటే ఊడివస్తుంది. ‘ప్రైమర్ పట్టించండి’ అన్న రెండు మాటల్లో ఎలా వేయాలో కూడా చెప్పేసినట్టే. ఎన్నిసార్లు అనేదానికి ‘రెండు కోట్లు’ అని రాయకండి, ఆ మాట చూడగానే డబ్బు గుర్తొస్తుంది. ‘రెండు పూతలు’ అనండి, లేదా పెయింటర్లు అనే ‘రెండు కోటింగులు’.

మీ కాగితం నేనైతే ఇలా రాస్తాను:

‘లోపలి అడుగులో ఉన్న నీళ్లు డబ్బాల్లోకి తోడండి. మడ్డి గీకి, సబ్బునీళ్లతో రుద్ది, మంచినీళ్లతో కడగండి. కంతలన్నీ పొడిచి చూడండి. పుచ్చిన చెక్క కనబడితే ఆపి నాకు చెప్పండి. పూర్తిగా ఆరేదాకా రంగు ముట్టుకోవద్దు. లోపల పని చేసేటప్పుడు మూతలన్నీ తీసి ఉంచండి, గాలి ఆడాలి, బీడీ వెలిగించొద్దు. ప్రైమర్ పట్టించి, అది ఆరాక రెండు పూతలు వేయండి. రంగు తెలుపు గానీ లేత బూడిద గానీ ఉండాలి, రేపు ఆయిల్ కారితే చుక్క కూడా కనబడాలి.’