తిమింగల సొరలపై పరిశోధన బతుకుతెరువు అవుతుందా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ బైపీసీ రెండో సంవత్సరం చదువుతోంది. నీట్ రాయనని, తిమింగల సొరలు, మాంటా టేకు చేపల మీద పరిశోధన చేస్తానని అంటోంది. ఈ చదువుతో ఉద్యోగం వస్తుందా? – ఒక తండ్రి, కాకినాడ

జవాబు: వస్తుంది, కానీ ఆలస్యంగా వస్తుంది. పీహెచ్‌డీ దాకా చదవక తప్పని రంగం కనుక సుమారు పదేళ్ల ఓపిక మీకూ ఉండాలి.

వీడియోలు చూసిన పిల్లలు ఈ పనంటే సిలిండర్ కట్టుకుని సముద్రంలోకి దూకడమే అనుకుంటారు. నిజానికి అందులో ఎక్కువ భాగం లెక్కలే. తిమింగల సొర ఒంటి మీది చుక్కల అమరిక ఒక్కో చేపకు ఒక్కో రకంగా ఉంటుంది కాబట్టి, మొప్పల వెనుక ఎడమ పక్కను ఫొటో తీసి, నక్షత్రాల గుంపులను పోల్చడానికి ఖగోళ శాస్త్రంలో వాడిన గణన పద్ధతిని కొద్దిగా సవరించి, 2005లో ప్రకటించిన విధానంతో పాత ఫొటోలతో సరిపోలుస్తారు. గుర్తించిన చేపల్లో ఎన్ని మళ్లీ కనిపించాయన్న దాన్నిబట్టి మొత్తం సంఖ్యను అంచనా వేస్తారు. అయితే ఆస్ట్రేలియాలోని నింగలూ వంటి తీరాల్లో చేరేవి ఎక్కువగా ఎదగని మగ చేపలే కావడంతో, అక్కడి లెక్కను సముద్రమంతటికీ వర్తింపజేస్తే పొరపాటవుతుంది. మాంటాలను పొట్ట మీది మచ్చలతో గుర్తుపడతారు. ఒకే జాతి అనుకున్న వాటిని 2009లో రెండుగా విడదీశాక పాత లెక్కలనూ మళ్లీ చూసుకోవలసి వచ్చింది. కాబట్టి ఈతకన్నా ముందు గణాంక శాస్త్రం కావాలి. బైపీసీతో గణితం వదిలేసిన మీ అమ్మాయి దాన్ని ఇప్పుడే మొదలుపెట్టడం మంచిది.

మన దేశంలో తిమింగల సొరకు 2001 నుంచి వన్యప్రాణి చట్టం రక్షణ ఉంది. గుజరాత్‌లోని వెరావల్ వైపు మత్స్యకారులు వల కోసి మరీ దాన్ని వదిలేస్తున్నారు; అటవీ శాఖ వలకు పరిహారం ఇస్తోంది. టేకు చేపల సమాచారం మాత్రం చాలావరకు తెల్లవారుజామున రేవులో, దిగిన చేపలను టేపుతో కొలిచి రాసుకోగా వచ్చేదే. ఒకరోజు అమ్మాయిని కాకినాడ రేవుకు తీసుకెళ్లండి; ఆ వాసనలో, ఆ తొక్కిడిలో రెండు గంటలు ఆసక్తిగా నిలబడితే నాకు సగం అనుమానం తీరినట్టే.

ఈఏపీసెట్ ద్వారా నెల్లూరు దగ్గరి ముత్తుకూరు మత్స్య కళాశాలలో బీఎఫ్‌ఎస్సీ (మత్స్యశాస్త్ర డిగ్రీ) చేయడం నా మొదటి సూచన, ఎందుకంటే పరిశోధన కుదరకపోయినా మత్స్యశాఖ, ఆక్వా రంగాలు ఉంటాయి. జువాలజీతో డిగ్రీ చేసి ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనో కొచ్చిన్‌లోనో సముద్ర జీవశాస్త్రంలో పీజీ చేయడం రెండో దారి. ఆ తర్వాత జాతీయ స్థాయి పరీక్ష సీఎస్‌ఐఆర్ నెట్‌లో జేఆర్‌ఎఫ్ (పరిశోధన చేసేవారికిచ్చే ఫెలోషిప్) వస్తే నెలకు రూ.37,000 అందుతుంది, అప్పటిదాకా ఖర్చు ఎవరు భరించాలో ఇప్పుడే కూర్చుని మాట్లాడుకోండి.